పొందూరు గుడ్డకు ఉన్ని లెక్కలు: కొలుచుకుంటూ ఫినిషింగ్ చేయడం ఎలా

నాలుగు మీటర్ల పంచె మొదటి ఉతుకులోనే పదహారు సెంటీమీటర్లు తగ్గిందంటే తప్పు కొన్నవాళ్ల బకెట్‌లో జరగలేదు, మీ ఆరవేత గుంజల దగ్గర జరిగింది. తడి గుడ్డను లాగి కట్టారు. సాగిన పొడవులోనే అది ఆరి బిగుసుకుంది. మళ్లీ నీళ్లు తగలగానే తన సొంత పొడవుకు వచ్చేసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తే ఈ సంగతి తెలియదు. ఎంత అనుభవమున్న చేతికైనా మెత్తదనం అందుతుంది గానీ, గుడ్డ లోపల దాచుకున్న సాగు అందదు.

ఉన్ని మిల్లులకూ ఇదే తలనొప్పి ఉండేది. క్యోటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సుయెవో కవబాట 1970లలో, చేతికి తగిలే గుణాలను యంత్రాలతో కొలిచే కెఇఎస్ పద్ధతిని తయారుచేశారు. అది ఖరీదైన వ్యవహారం. 1980లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌వోలోని ఉన్ని పరిశోధకులు మిల్లులోనే వాడుకునేంత తేలికైన, ఫాస్ట్ (FAST) అనే పద్ధతి తెచ్చారు: మందం, వంపు, సాగుదల కొలిచే మూడు చిన్న పరికరాలు, వాటికి తోడు పొడవు తగ్గుదలకు ఒక పరీక్ష. ఆ లెక్కలే కొద్ది మార్పులతో పొందూరు సన్న నూలుకూ పనికొస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేనేత గుడ్డకు ఉడుకు, గంజి, ఇస్త్రీ పనులు చూసుకునేవాళ్లు చేతికందే సామానుతో ఇది ఎలా చేసుకోవాలో కింద ఉంది.

సామాను

0.01 గ్రాము వరకు చూపే తూకం, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, 105 డిగ్రీలు నిలకడగా పట్టే చిన్న ఓవెన్, గాలిలో తేమ చూపే మీటరు, మూత గట్టిగా పడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్, ఒక నోటుబుక్కు. వంపు కొలిచే చెక్క దిమ్మె వడ్రంగి చేత చేయించుకోవచ్చు.

ముందు గాలిని అదుపులో పెట్టండి

మన వైపు ఈ మాట మరీ ముఖ్యం. వానాకాలం పొద్దున కొలిచిన గుడ్డకూ, మార్చి మధ్యాహ్నం కొలిచిన అదే గుడ్డకూ అంకెలు కలవవు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు వంద గ్రాముల ఎండు పత్తి ఏడెనిమిది గ్రాముల నీరు పట్టుకుంటుంది. తేమ 90 శాతానికి వెళితే ఇంకో నాలుగైదు గ్రాములు తాగుతుంది. గంజి కూడా తేమకు మెత్తబడుతుంది. కాబట్టి తుపాను రోజున "ఈసారి గంజి సరిగా పట్టలేదు" అని తీర్పు చెప్పేస్తే పొరపాటు పడినట్టే.

మన దేశంలో ప్రయోగశాలలు వాడే ప్రమాణ వాతావరణం 27 డిగ్రీలు, 65 శాతం తేమ. దానికి ఏసీ గది కావాలి. అది లేనివాళ్లకు ఒక చవక ఉపాయం ఉంది. వెడల్పు పళ్లెంలో కిలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేటంత నీరు కలపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు, అడుగున రవ్వలు కనిపిస్తూనే ఉండాలి. ఆ పళ్లెం డబ్బా అడుగున పెట్టి, పైన జల్లెడ లాంటి అర అమర్చి, దాని మీద ముక్కలు పరిచి మూత వేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, గది వేడి కాస్త పెరిగినా తగ్గినా పెద్దగా మారదు. ఇది 65 కాదు, కనుక మీ అంకెలను ప్రయోగశాల అంకెల పక్కన పెట్టకండి. మీ నిన్నటి గుడ్డకూ ఇవాళ్టి గుడ్డకూ పోలికకు ఇది చాలు.

రెండు జాగ్రత్తలు. ముక్కలు డబ్బాలోకి ఎప్పుడూ పొడి వైపు నుంచే వెళ్లాలి: ముందు 50 డిగ్రీలకు మించని వేడిలో గంటసేపు ఆరబెట్టి, ఆ తర్వాత 24 గంటలు డబ్బాలో ఉంచండి. తడి నుంచి ఆరుతూ వచ్చిన పత్తి, పొడి నుంచి తేమ తాగుతూ వచ్చిన పత్తి కంటే ఎక్కువ నీరు దాచుకుంటుంది, గాలి ఒకటే అయినా సరే. రెండోది, ఒక మంచి తాను నుంచి మీటరు గుడ్డ తీసి "సాక్షి ముక్క" అని రాసి బీరువాలో పెట్టుకోండి. కొలిచే ప్రతిసారీ దాన్నీ కొలవండి. సాక్షి అంకె పది శాతం కదిలితే మారింది గుడ్డ కాదు, మీ డబ్బానో మీ చెయ్యో.

ముక్క ఎక్కడ కోయాలి, ఎప్పుడు కోయాలి

చివరి గుడ్డను మాత్రమే కొలిస్తే బాగుందో లేదో తెలుస్తుంది, ఎక్కడ చెడిందో తెలియదు. ఉన్ని మిల్లుల్లో కడుగు, పిండి ఆరబెట్టడం, ఆవిరితో నొక్కడం, ఇలా ప్రతి మెట్టు తర్వాతా ముక్క తీస్తారు. మీరూ ఒకే తాను నుంచి నాలుగు చోట్ల తీయండి: మగ్గం దిగాక, ఉడికించి జాడించాక, గంజి పెట్టి ఆరాక, ఇస్త్రీ అయ్యాక. అంచుకు పది సెంటీమీటర్ల లోపల ముక్క కోయవద్దు. తాను మొదటి అర మీటరు కూడా వదిలేయండి, అక్కడ మగ్గం బిగువు ఇంకా కుదురుకోదు.

మిల్లు నూలుకు మూడు ముక్కలు చాలు. చేత్తో వడికిన నూలులో లావు సన్నాలు ఎక్కువ, అందుకే పడుగు (పొడవునా సాగే పోగులు) వైపు ఐదు, పేక (అడ్డంగా నేసే పోగులు) వైపు ఐదు తీయండి. ఒకే పడుగు పోగులు రెండు ముక్కల్లో పడకుండా మెట్లు మెట్లుగా కోయాలి. ఐదింటిలో అన్నిటికంటే పెద్ద అంకెకూ చిన్న అంకెకూ ఎంత తేడా ఉందో రాసుకోండి. రెండు తానుల సగటుల మధ్య తేడా దానికంటే చిన్నదైతే, ఆ రెండు తానులూ వేరు అని చెప్పే హక్కు మీకు లేదు.

ఖరీదైన గుడ్డను ఇన్ని ముక్కలు చేయడానికి మనసు ఒప్పదు, నిజమే. ప్రతి తానుకూ అక్కర్లేదు. ఉడుకు మార్చినప్పుడు, గంజి మార్చినప్పుడు, కొత్త నేత నుంచి గుడ్డ వచ్చినప్పుడు చేస్తే చాలు.

పొడవు తగ్గుదల: అన్నిటికంటే ముందు ఇదే

30 సెంటీమీటర్ల చదరపు ముక్క తీసుకోండి. పడుగు వైపు మూడు జతలు, పేక వైపు మూడు జతలు గుర్తులు పెట్టండి, జతలో గుర్తుల మధ్య దూరం సరిగ్గా 250 మిల్లీమీటర్లు. రంగు దిగని సన్న దారంతో ఒక్క కుట్టు వేస్తే గుర్తు చెరిగిపోదు.

ముక్కను 105 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచి, బయటికి తీసిన అర నిమిషంలోపు కొలవండి. ఆలస్యమైతే గాలిలోని తేమ తాగేస్తుంది. ఇది మొదటి పొడవు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి అరగంట నాననివ్వండి. పిండకండి, తువ్వాలు మధ్య అద్ది, బల్ల మీద లాగకుండా పరిచి తడి పొడవు రాసుకోండి. మళ్లీ ఓవెన్‌లో గంట ఉంచి చివరి పొడవు కొలవండి.

మొదటి పొడవులోంచి చివరిది తీసేసి, మొదటిదానితో భాగించి వందతో గుణిస్తే తగ్గుదల శాతం వస్తుంది. 250 కాస్తా 237.5 అయితే 5 శాతం.

తడి పొడవు ఎందుకంటే అది ఉన్ని కోసం. ఉన్ని గుడ్డలో వంకీలు తిరిగి స్థిరపడ్డ పోగులు నీరు తాగితే నిటారవుతాయి, గుడ్డ పెరుగుతుంది, ఆరితే తిరిగి తగ్గుతుంది. వానలో పెరిగిన కోటు కుట్టు దగ్గర ఉబ్బడం అందుకే. తడి పొడవులోంచి చివరి పొడవు తీసి, చివరి పొడవుతో భాగిస్తే ఆ పెరుగుదల శాతం వస్తుంది. ఉన్ని సూటు గుడ్డకు అది 6 శాతం దాటకూడదంటారు, తగ్గుదల మాత్రం 0 నుంచి 3 మధ్య ఉండాలంటారు. నూలులో ఈ పెరుగుదల చిన్నది. ఒకటి రెండు సార్లు చూసి వదిలేయవచ్చు. మీకు అసలు అంకె తగ్గుదల.

పడుగు తగ్గుదల ఎక్కువ, పేక వైపు సున్నా లేదా గుడ్డ పెరగడం కనిపిస్తే ఇక సందేహం వద్దు: ఆరబెట్టేటప్పుడు పొడవునా లాగారు, వెడల్పు లోపలికి వెళ్లింది. దీన్ని సరిచేయడం లెక్క ప్రకారమే. పది మీటర్ల గుడ్డను లాగకుండా ఆరబెడితే 9.50 మీటర్లు వచ్చిందనుకోండి. మీ గుంజల మధ్య అది 10.00 మీటర్లకు ఆరుతోంది. తగ్గుదల 5 శాతం. దాన్ని 2 శాతానికి తేవాలంటే 9.50ని 0.98తో భాగించండి, 9.69 వస్తుంది. గుంజలు 9.70 మీటర్ల దగ్గర పాతండి. పెద్ద మిల్లులో స్టెంటర్ (గుడ్డను అంచులు పట్టి ఆరబెట్టే యంత్రం) మీద గుడ్డను ఎక్కువ జారవిడవడం అంటే ఇదే పని.

పది మీటర్లకు ముప్పై సెంటీమీటర్లు పోతోందని బాధపడే వ్యాపారులున్నారు. ఆ ముప్పై సెంటీమీటర్లు ఎప్పుడూ గుడ్డ కాదు, సాగు. దాన్ని అమ్మితే రెండోసారి బేరం ఉండదు.

గుంజలు సరిచేశాక కూడా అంకె దిగకపోతే ఇస్త్రీ బల్ల చూడండి. చెమ్మ ఉన్న గుడ్డను పడుగు వెంబడి ఇస్త్రీ పెట్టెతో ఈడిస్తే ఒకటి రెండు శాతం సాగు అక్కడే తిరిగి వచ్చి చేరుతుంది. పెట్టెను ఎత్తి దించండి, ఈడవకండి.

బిరుసు: చెక్క దిమ్మె

పైభాగం నున్నగా, ముందు అంచు పదునుగా ఉన్న దిమ్మె కావాలి. అంచు నుంచి కిందికి 41.5 డిగ్రీల వాలుగీత పక్క పలకల మీద ఉండాలి. కోణమానిని లేకపోతే, అంచు నుంచి అడ్డంగా 100 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి కిందికి 88.5 మిల్లీమీటర్లు కొలిచి ఆ చుక్కను అంచుకు కలపండి.

గుడ్డ పట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు. ఆరు సెంటీమీటర్లు కోసి, రెండు పక్కలా పోగులు లాగేసి ఐదుకు తెస్తే వెడల్పు కచ్చితంగా ఉంటుంది. పట్టీని దిమ్మె మీద పరిచి, పైన స్కేలు పెట్టి, రెండూ కలిసి మెల్లగా ముందుకు జరపండి. కొస గాలిలోకి వచ్చి వంగుతూ ఉంటుంది. పక్క నుంచి కన్ను రెండు పలకల గీతలకు సమంగా పెట్టి చూడండి, రెండు గీతలూ ఒకటిగా కనిపించాలి. కొస ఆ గీతను తాకిన క్షణం ఆపి, అంచు దాటి ఎంత పొడవు వేలాడిందో చదవండి. దాంట్లో సగమే వంపు పొడవు. సగం చేయడం మరిచి మొత్తం పొడవు లెక్కలో వేస్తే బిరుసు ఎనిమిది రెట్లు వస్తుంది. ఈ పొరపాటు జరగని చోటు లేదు.

అదే పట్టీని తిరగేసి, కొస మార్చి నాలుగు సార్లు చదివి సగటు తీయండి. మెలిక తిరిగే పట్టీని చేత్తో సాపు చేయకండి, ఇస్త్రీ అసలే వద్దు. ఇంకో పట్టీ కోయండి.

బరువు కోసం 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఐదు కలిపి తూచండి. ఒక్క ముక్క అర గ్రామే ఉంటుంది కాబట్టి విడిగా తూస్తే తూకం తప్పే రెండు శాతం అవుతుంది. ఒక ముక్క సగటు బరువును వందతో గుణిస్తే చదరపు మీటరు బరువు. ఇప్పుడు లెక్క: చదరపు మీటరు బరువు గ్రాముల్లో × వంపు పొడవు మిల్లీమీటర్లలో × అదే × అదే × 9.81, ఆ మొత్తాన్ని పది లక్షలతో భాగించాలి. వచ్చేది మైక్రో న్యూటన్ మీటర్లలో బిరుసు.

50 గ్రాముల గుడ్డకు వంపు పొడవు 18 మిల్లీమీటర్లయితే బిరుసు 2.9 వస్తుంది. గంజి తర్వాత బరువు 52, వంపు పొడవు 25 అయితే 8.0. వంపు పొడవు మూడుసార్లు గుణించబడుతోంది గనుక 20 మిల్లీమీటర్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే బిరుసులో దాదాపు 16 శాతం తేడా వస్తుంది. కన్ను ఎక్కడ పెట్టారన్నది అందుకే ముఖ్యం.

ఉడికించి జాడించిన తర్వాత, గంజి పెట్టక ముందే బిరుసు ఎక్కువగా ఉందంటే నేతలో పెట్టిన గంజి ఇంకా పోలేదని అనుమానించండి. ఒక చుక్క టింక్చర్ అయోడిన్‌ను పది చుక్కల నీళ్లలో కలిపి కోసిన మూల మీద వేయండి. లేత పసుపు మరకగానే ఉంటే గంజి లేదు. నీలం తిరిగి నల్లబడితే ఉంది. తాను అంచుకూ మధ్యకూ వేర్వేరుగా వేసి చూడండి: మధ్యలో నీలం, అంచున పసుపు వస్తే గుడ్డను కుదించి ఉడికించారు, నీరు లోపలి మడతలకు చేరలేదు.

గంజిని గ్లాసులతో కాదు, తూకంతో

వంద గ్రాముల గంజిని పళ్లెంలో ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి మిగిలింది తూచండి. మూడు గ్రాములు మిగిలితే అది 3 శాతం గంజి. ఎండు గుడ్డ కిలో ఉండి, గంజిలో ముంచి పిండాక 1.8 కిలోలైతే 80 శాతం పట్టుకుంది. 3 శాతంలో 80 శాతం, అంటే గుడ్డ మీద చేరిన గంజి 2.4 శాతం. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే నిన్నటి చీరె పలకలా, ఇవాళ్టిది గుడ్డపేలికలా రావడం ఆగిపోతుంది. గంజి ఒకటే అయినా పిండే చేతులు మారితే 80 కాస్తా 110 అవుతుంది. చేతులు మారిన రోజున గంజి కాదు, పిండిన తర్వాతి బరువు చూడండి.

సాగుదల

5 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు పట్టీ నిలువుగా వేలాడదీసి, మధ్యలో 50 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. ఫాస్ట్ పరికరం 10 సెంటీమీటర్ల పట్టీతోనే కొలుస్తుంది, కానీ దానికి కచ్చితమైన మీటరు ఉంది. స్కేలుతో చదివే మనకు పొడవైన పట్టీ కావాలి: 50 సెంటీమీటర్ల మీద అర మిల్లీమీటరు అంటే 0.1 శాతం.

కింద రెండు వెదురు బద్దల మధ్య కొస బిగించి, ఇసుక పొట్లాలతో బరువు కట్టండి. బద్దలతో కలిపి మొత్తం 25, 100, 500 గ్రాములు. సెంటీమీటరు వెడల్పుకు అవి 5, 20, 100 గ్రాములవుతాయి. బద్దల బరువు లెక్కలో కలపడం మరవొద్దు, 25 గ్రాముల దగ్గర అదే సగం ఉంటుంది.

తర్వాత 45 డిగ్రీల ఐమూల పట్టీ కోసి 25 గ్రాములతో ఒక్కసారి కొలవండి. 123ను ఆ సాగుదల శాతంతో భాగిస్తే పోగులు ఒకదాని మీద ఒకటి ఎంత బిగువుగా జరుగుతున్నాయో తెలుస్తుంది. 4 శాతం సాగితే 31, 2 శాతమే సాగితే 61. ఉన్ని సూటు గుడ్డకు 30 నుంచి 80 మధ్య మంచిదంటారు. చీరెకు ఆ హద్దులు వర్తించవు. కానీ గంజికి ముందు 31 ఉన్నది గంజి తర్వాత 90 అయితే కూడలి కూడలినా పోగులు అంటుకుపోయాయి, కుచ్చెళ్లు పడవు, నిలబడతాయి. గంజి పలుచన చేయండి.

చొక్కా గుడ్డ అమ్మేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. పట్టీకి మొత్తం 100 గ్రాములు కట్టినప్పటి సాగు శాతంలోంచి 25 గ్రాములు కట్టినప్పటి సాగు శాతం తీసి, బిరుసుతో గుణించి, 14.7తో భాగించండి. సాగు 0.6 నుంచి 1.5కు పెరిగి, బిరుసు 2.9 అయితే 0.18 వస్తుంది. ఉన్నిలో 0.25 కంటే తక్కువైతే కుట్టు ముడుచుకుంటుందని దర్జీని హెచ్చరిస్తారు. సన్న పొందూరు గుడ్డ సహజంగానే ఈ గీత కింద ఉంటుంది. ఫినిషింగ్‌తో దాన్ని పైకి లాగాలని చూడకండి, సన్న సూది, వదులు దారం వాడమని దర్జీకి చెప్పండి.

మందం: ఆగి ఆలోచించండి

ఫాస్ట్‌లో చదరపు సెంటీమీటరుకు 2 గ్రాముల బరువు కింద, 100 గ్రాముల బరువు కింద మందం కొలిచి, తేడాను పై పొర మందం అంటారు. 10 చదరపు సెంటీమీటర్ల బిళ్లకు అవి 20 గ్రాములు, కిలో. వర్క్‌షాపుల్లో దొరికే డయల్ గేజి స్ప్రింగే దాదాపు వంద గ్రాములు నొక్కుతుంది, 20 గ్రాముల లెక్క అక్కడే గల్లంతు. బట్టల కోసం చేసిన మందం గేజి లేకపోతే ఈ కొలత మానేయండి.

గేజి ఉంటే మాత్రం ఒక పని చేయండి. ఇస్త్రీనో క్యాలెండరో (గుడ్డను రోలర్ల మధ్య నొక్కి నునుపు చేసే యంత్రం) అయ్యాక పై పొర మందం కొలిచి, అదే ముక్కకు అర నిమిషం ఆవిరి పట్టి, డబ్బాలో ఉంచి తిరిగి కొలవండి. మందం మళ్లీ పెరిగి నొక్కక ముందటి అంకెకు వచ్చేసిందంటే ఆ నునుపు తాత్కాలికం, మొదటి ఉతుకుతో పోతుంది. ఉన్నిలో దీన్ని నిలబెట్టడానికి ఒత్తిడి ఆవిరి వాడతారు. నూలుకు ఆ సౌకర్యం లేదు, అందుకే నునుపును చూపి ఎక్కువ ధర చెప్పకండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

ఉడుకు సమయం, గుంజల దూరం, గంజి చిక్కదనం మూడూ ఒకే వారంలో మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. ముందు గుంజలు. తగ్గుదల మూడు తానులలో వరుసగా 2 శాతం దగ్గర నిలిచాక గంజి ముట్టుకోండి. నోటుబుక్కులో ప్రతి తానుకూ తేదీ, డబ్బాలో తేమ, సాక్షి ముక్క అంకె, నాలుగు మెట్ల దగ్గర తగ్గుదల, బిరుసు, పిండాక బరువు, ఎవరు పిండారు, ఇంతే. వంపు పరీక్ష ఎప్పుడూ సాగుదల పరీక్షకు ముందే చేయండి. 500 గ్రాములు వేలాడిన పట్టీ మళ్లీ దిమ్మె మీదికి పనికిరాదు.